యాభై ఏళ్ల కాలవగట్టు కుర్రాళ్లు

నేనింకా గౌన్లు వేసుకునే రోజులు... విజయవాడ వన్ టౌన్‌లో మా వీధికి అడ్డంగా శ్రీరామనవమి పందిరి వేసేవారు. సాయంత్రం ఎండ తగ్గగానే నీళ్లు చల్లి చాపలు పరిచేవారు. పానకం గ్లాసు పట్టుకుని ముందు వరసలో కూర్చోవడానికి మేం పిల్లలం కొట్టుకు చచ్చేవాళ్లం.

ఆ ఏడు మాత్రం నాకు పానకం కూడా సహించలేదు. ఆ సాయంత్రం పందిట్లో మా పెదనాన్న రికార్డు వేస్తున్నారు మరి!

పెదనాన్న సాంబశివరావుగారు మిర్చి గోడౌన్‌లో గుమాస్తా. కానీ కుర్రతనంలో ఆయనకో ఆర్కెస్ట్రా ఉండేది. పేరు 'కాలవగట్టు కుర్రాళ్లు'. ఆయన గిటారు వాయిస్తూ పాడేవారు. రైల్వేలో పనిచేసే డేవిడ్‌గారు డ్రమ్స్, టైలరు రహీంగారు అకార్డియన్. గొట్టం ప్యాంట్లు, పైకి దువ్విన జుట్టు... గుడివాడ, తెనాలి, బందరు అన్నీ చుట్టేశారట.

ఒకసారి ఏదో తిరనాళ్లలో సినిమా పాటలు పాడమని జనం గోల చేస్తే, "మా పాటలే మేం పాడతాం" అని మొండికేశారట పెదనాన్న. రాళ్లు పడ్డాయి. డేవిడ్‌గారి నుదుటి మీద మచ్చ అప్పటిదే. ఆ రోజుతో ఆర్కెస్ట్రా మూతపడింది, గిటారు అటకెక్కింది.

మళ్లీ ఇరవై ఏళ్లు దాటాక... చెప్పాపెట్టకుండా ముగ్గురూ మద్రాసు వెళ్లి రికార్డు చేయించుకొచ్చారు! అటో పాట, ఇటో పాట. రెండూ సొంతవే. అందుకోసం పెదనాన్న స్కూటరు అమ్మేశారని తెలిసి పెద్దమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"యాభై ఏళ్లొచ్చాయి, బొజ్జొచ్చింది, ఇంకా కుర్రాళ్లేంటండీ? నలుగురూ నవ్వరూ?"

"నలుగురికీ భయపడి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నా గదే. ఇంక నా వల్ల కాదు" అన్నారు పెదనాన్న.

పందిరి పెద్దలేమో కచేరీకి ససేమిరా అన్నారు. "మళ్లీ రాళ్లు పడితే ఎవరండీ పూచీ? హరికథకి ముందు రికార్డు వేయిస్తాం, అంతే" అన్నారు. పెదనాన్నకి అదే చాలు. ఊరు చెవిన పడటానికి ఉన్నది ఆ ఒక్క అవకాశం. అదీ పోతే ఈసారి గిటారు పాతసామానువాడికే.

మైకుసెట్టు సుబ్బయ్య దగ్గర ఉన్నవన్నీ పాతకాలం పెద్ద రికార్డులు. గిర్రున తిరిగేవి. ఎన్నో ఏళ్లుగా అవే వేసీ వేసీ, మిషనుకి స్పీడు మార్చే మీట ఒకటుందన్న సంగతే మర్చిపోయాడు. పెదనాన్నది చిన్న రికార్డు, నెమ్మదిగా తిరగాలి. సుబ్బయ్య దాన్ని భక్తిగా కళ్లకద్దుకుని... ఆ గిర్రున తిరిగే స్పీడులోనే పెట్టేశాడు!

హారన్లలోంచి పెదనాన్న గొంతు ఉడతలాగా కిచకిచలాడుతూ వచ్చింది. పందిరంతా గొల్లున నవ్వింది. నాటకాల్లో పద్యం అదిరిపోతే "వన్స్ మోర్" అని అరిచేవారు చూడండి... ఆ మాటే వెటకారంగా అరిచారు, ఈలలు వేశారు. సుబ్బయ్య కంగారుగా ముల్లు తీసేశాడు గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. పెదనాన్న గుంజ పట్టుకుని నిలబడిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు లేచింది మా పెద్దమ్మ. చేతిలో పానకం గరిటె అలాగే ఉంది.

"నోళ్లు ముయ్యండర్రా! మా ఆయన్ని తిడితే నేను తిట్టాలి. మీరెవరర్రా నవ్వడానికి?" అని ఇటు తిరిగి, "ఏమండీ, ఆ గుంజ పడిపోతుందనా పట్టుకున్నారు? మిషను పాడకపోతే మీకు గొంతు లేదూ? ఎక్కండి స్టేజీ!"

డేవిడ్‌గారూ రహీంగారూ అప్పటికే ఇళ్లకు పరిగెత్తారు సామాన్లు తేవడానికి. పెద్దలు అడ్డుపడబోతే హరిదాసుగారు, "కానివ్వండి బాబూ, మా రాముడికేం తొందర లేదు" అని చిడతలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

పెదనాన్న మైకు ముందుకొచ్చారు. బెల్‌బాటం ప్యాంటు మీద బొజ్జ, నెరిసిన జుట్టు, చేతిలో గిటారు. "నవ్వారుగా. ఇప్పుడు నవ్వండి చూద్దాం" అన్నారు.

బందరు కాలవలో పడవకి తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ల పాట అది. డ్రమ్ము పడింది. పెదనాన్న గొంతు బొంగురు... కానీ ఏం గొంతండీ బాబూ! ఇంట్లో ఉప్పు ఎక్కువైందని గొణిగే మనిషేనా అనిపించింది. రెండో చరణానికి హరిదాసుగారి చిడతలు కూడా తాళం అందుకున్నాయి. ఒక్క రాయి పడలేదు.

పాట అయిపోయింది. వెనక నుంచి ఒకాయన లేచి, "వన్స్ మోర్!" అన్నాడు. ఈసారి వెటకారం లేదు. పందిరంతా అందుకుంది.

పెదనాన్న చెమట తుడుచుకుని మైకు దగ్గరికి వంగారు.

"ఇంకోసారి కావాలంటే రికార్డు కొనుక్కోండి!"

అనేసి స్టేజీ దిగిపోయారు. ఎంత బతిమాలినా ఎక్కలేదు. పెద్దమ్మ నవ్వుని కొంగుతో దాచుకుంది.

ఇప్పుడు ప్రపంచంలోని పాటలన్నీ మన ఫోన్లోనే ఉన్నాయి. పల్లవి పూర్తవకముందే వేలితో తోసేస్తున్నాం. ఎదురుగా నిలబడి వినమని దబాయించే మొండివాళ్లే కరువయ్యారు...

జనం నవ్వినా దిగిపోకుండా నిలబడ్డ మనిషి మీ వీధిలోనూ ఒకరుండే ఉంటారు. వాళ్ల సంగతి ఇక్కడ రాయండి. ఎంత పెద్దదైనా సరే, మధ్యలో తోసెయ్యను... ఆఖరిదాకా వింటాను.