ముందు బెంచీ ఆమెన్

మా ధర్మవరం చర్చిలో ముందు బెంచీలో కూర్చునే అవ్వకు చెవులు వినపడవు. నా బేస్ గిటార్ అదురు బెంచీలోంచి అరచేతికి తగిలితేనే ఆమెకు పాట. అదురు ఆగగానే అందరికంటే ముందు "ఆమెన్" అనేది.

ఊళ్లో మరెవరికీ లేదన్న గొప్పతో ఒక ఆదివారం గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఓవర్‌డ్రైవ్ పెడల్ తొక్కాను. గరగర బాగానే వచ్చింది గానీ అదురు పుట్టించే కింది మోత పోయింది. బెంచీ అదరలేదు. పాట మధ్యలోనే అవ్వ "ఆమెన్" అంది. అందరూ నవ్వారు.

"ఇంకా అయిపోలేదా నాయనా?" అంటూ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తలెత్తలేకపోయాను.

మరుసటి వారం గరగరలో గిటార్ అసలు శబ్దాన్నీ కలిపి వదిలాను. బెంచీ అదిరింది. "ఇప్పుడొస్తాండాది నాయనా" అని నవ్వింది.

పాట ముగిసింది. అదురు ఆగినా అవ్వ ముందుగా "ఆమెన్" అనలేదు. అరచెయ్యి బెంచీ మీదే ఉంది. కళ్లు మాత్రం అందరి పెదాల మీద తిరుగుతున్నాయి.