ఎడమ అడుగు

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాకే, మేం వలస వచ్చిన భేస్తాన్‌లో మనిషి అడుగుల చప్పుడు విన్నాను. సాంచాలంటే మావాళ్లు మరమగ్గాలకు వాడే మాట. తెల్లవారుజామున, పోలీసులు రాకముందే, మా కిటికీ కింది సిమెంటు రోడ్డు మీద పక్కింటి యువకుడు పరిగెత్తేవాడు. రెండేళ్లు రాత్రి పాళీ చేసి పగలంతా గదిలో పడుకున్నవాడు, ఎండ ఎరుగని ఒళ్లు. సైన్యంలో చేరే వయసు దాటిపోవడానికి ఏడాది కూడా లేదు. భర్తీ ఎప్పుడు పెడతారో తెలియదు కాబట్టి ఒక్కరోజూ ఆగేవాడు కాదు.

మూడో వారంలో చప్పుడు మారింది. కుడి అడుగు బరువుగా, ఎడమది దొంగలా పడుతోంది. శబ్దాన్ని బట్టే సాంచాలో తేడా ఎక్కడుందో చెప్పగల అతని తండ్రికి ఇది వినపడలేదు. ఆ సాంచాల మధ్యే ఆయన చెవులు మందగించాయి.

అతన్ని మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. మోకాలి కింది ఎముక మీద ఒకేచోట బొటనవేలు పెట్టాడు.

“గీడనే నొస్తది, పెద్దబాపు. రూపాయి బిళ్లంత.”

“పన్నెండు గంటలు సాంచా కాడ నిలవడ్డ కాళ్లు, గింతకే నొస్తయా?” తండ్రి నవ్వాడు. “పోలీసోళ్లు ఎంటవడితే చూడు, నొప్పి గిప్పి యాదికుండది.”

తల్లి నవ్వలేదు. “జర రెండు దినాలు ఆగుమని చెప్పు, బావా. నీ మాటైతే ఇంటడు.”

నేను చెప్పలేదు. అప్పటికే అతని మీద పత్రికకు వార్త రాసిపెట్టాను, శీర్షికతో సహా: ‘ఆగిన సాంచాల మధ్య ఆగని పరుగు’. ఫొటో ఒక్కటే మిగిలింది. మర్నాడు ఫోను పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. మొదటిది మసకగా వచ్చింది.

“ఇంకొక్కసారి ఉరుకు, బిడ్డా,” అన్నాను.

ఈసారి ఎడమ అడుగు నేలకు తగిలినప్పుడు వచ్చిన చప్పుడు చిన్నదే. తర్వాత అతను లేవలేదు.

కండ తొందరగా అలవాటు పడుతుందనీ, ఎముకకు సమయం పడుతుందనీ, విశ్రాంతి రోజుల్లోనే అది గట్టిపడుతుందనీ డాక్టరు చెప్పాడు. నొప్పిని ఒక్క వేలితో చూపించిన రోజే పరుగు ఆపాల్సిందట. వెంట్రుకంత చీలిక అప్పటికే ఉందట.

కట్టు వేస్తుండగా అతను నన్నే అడిగాడు. “ఫొటో మంచిగ వచ్చిందా, పెద్దబాపు?”

భర్తీ ఆ ఏడాది పెట్టనే లేదు. వయసు దాటిపోయింది. అతను మళ్లీ సాంచా దగ్గరే, కుడికాలి మీద బరువేసి నిలబడుతున్నాడు. ఇప్పుడు ఆ రొదలో కిటికీ కింద ఏదీ వినపడదు. అయినా అదే వేళకు నాకు మెలకువ వస్తుంది.

వార్త అచ్చయింది. తల్లి దాన్ని కత్తిరించి తలుపు పక్కన అంటించింది. ఫొటోలో ఎడమకాలు ఇంకా నేలకు ఆనలేదు.