ఆఖరి డబ్బా

పోయిన నెల మా మామ పోయారు. మామ అంటే మా ఆవిడ నాన్న. డోన్ నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నేను కడపలో కాలేజీకి బయలుదేరుతూ బూట్లు తొడుక్కుంటున్నాను. "పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో కూసున్న్యాడు నాయనా. లోటా ఇస్తాడని ఎదురుగా నిలబడుకున్యా. ఇయ్యలే" అన్నారు అత్త. డెబ్బై దాటిన మనిషి. ఎవరి చేతా ఒక్క పూట చాకిరీ చేయించుకోకుండా, కాఫీ పూర్తిగా తాగి మరీ వెళ్లిపోయారు.

మేం చేరేసరికి ఆయనతో పనిచేసిన రైల్వేవాళ్లు వరండా నిండా ఉన్నారు. రిటైరైనాక ఏం చేస్తుండేవాడని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన, "ఏముంటాది, పూజలూ పురాణాలూ" అని తనే జవాబు చెప్పేశాడు. నేను తల వంచుకున్నాను. మా మామ రిటైరయ్యాక నలుగురు సైనికులను వెంటేసుకుని శత్రువుల కోటల మీదికి దండెత్తుతూ ఉండేవారని చావింట్లో ఎలా చెప్పను? అక్కడ చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, ఆయనేమీ అనుకోరు.

పెళ్లయిన కొత్తలో డోన్ వెళితే మామా నేనూ వరండాలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. "మీ పక్క వానలు పడినాయా అప్పా?" అని ఆయన అడిగేవారు. "లేదు మామా" అనేవాణ్ని. "ఈడా లేదు" అనేవారు. మా సీమలో ఈ మాట ఇంతకు మించి సాగదు. ఆ తర్వాత ఇద్దరం వీధిలో పోయే ఎనుములను చూస్తూ, అన్నానికి పిలుపు ఎప్పుడొస్తుందా అని కాచుకునేవాళ్లం. ఇలా మూడేళ్లు గడిచాయి.

నాలుగైదేళ్ల కిందట నేను కొత్త కంప్యూటర్ కొనుక్కుని, పాతదాన్ని పారేయబుద్ధి కాక డోన్‌కు మోసుకుపోయాను. మైదుకూరు, నంద్యాల మీదుగా బస్సులో ఆ బండరాయి లాంటి మానిటర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, పక్కసీటు పెద్దాయన జాలిపడి, "టీవీనా అప్పా? ఎనకాల శానా ఉండాది, ముందర ఏమీ లేదే" అన్నాడు. మామకు పేకాట బొమ్మలు చూపిద్దామని నా ఆలోచన. కానీ ఆ పెట్టెలో నేను చదువుకునే రోజుల నాటి తుపాకుల ఆట ఒకటి ఉండిపోయింది. దాని గుర్తు మీద మామ వేలు పడింది.

అప్పటికే అది పాతబడిన ఆట. నలుగురు సైనికులు ఉంటారు; వాళ్లలో ఒకరి కళ్లతో మనం నడవాలి, మీట నొక్కితే ఇంకొకరిలోకి మారొచ్చు. ముందు మ్యాప్ చూసి, ఎవరు ఏ దారిన పోవాలో గీతలు గీసుకోవాలి. తర్వాత శత్రువుల స్థావరంలో దూరి, పని ముగించి, హెలికాప్టర్ దగ్గరికి రావాలి. ఒక్క గుండు తగిలితే మనిషి పోయినట్టే. మధ్యలో ఎక్కడా సేవ్ చేసుకునే వీలు లేదు. శత్రువులకు డేగ కళ్లు, మనవాళ్లకు రేచీకటి. పొద వెనక బోర్లా పడుకున్న మనవాణ్ని వాళ్లు అరమైలు నుంచి కనిపెడతారు. మనవాడు మాత్రం ఎదురుగా తుపాకీ పట్టుకుని నిలబడ్డవాణ్ని చుట్టపుచూపుగా వచ్చినవాడనుకుంటాడు. బాంబు విసరమంటే ద్వారబంధానికి కొట్టి తన కాళ్ల దగ్గరే వేసుకుంటాడు. నేనైతే సగంలోనే విసుగెత్తి, కీబోర్డును నాలుగు బాది వదిలేశాను.

మామ వదల్లేదు. ఆయన డోన్ జంక్షన్‌లో కేబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. సిగ్నళ్ల లివర్లు లాగడం, పట్టాలు మార్చడం, బండ్లను పంపడం ఆయన ఉద్యోగం. మ్యాప్ చూడగానే కళ్లు మెరిశాయి. "ఇది యార్డే కదప్పా" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ వానల సంగతి అక్కరలేకపోయింది.

నలుగురికీ పేర్లు పెట్టారు. ముందు నడిచేవాడు పెద్దోడు. చెప్పకముందే పరుగెత్తేవాడు తొందరోడు. ఏం చెప్పినా ఒక క్షణం ఆలోచించి కదిలేవాడు చెవిటోడు. నాలుగోవాడికి ఒక జబ్బు ఉండేది. ఏ గదిలోకి పొమ్మన్నా సరిగ్గా గుమ్మంలో ఇరుక్కుని, లోపలికీ పోడు, బయటికీ రాడు. "గడప మీద నిలబడుకోవద్దురా, దరిద్రం!" అని మామ అరిచేవారు. తర్వాత నా వైపు తిరిగి ముసిముసిగా నవ్వుతూ, "గడప ఇడిసిపెట్టడంటే ఈడు మీ ఊరోడే" అన్నారు. మా ఊరి పేరే గడప నుంచి వచ్చిందంటారు కదా, అందుకని వాడికి కడపోడని పేరు ఖాయమైంది. ఆ తర్వాత నేను ఎప్పుడు ఫోన్ చేసినా, "మీ కడపోడు ఈ పొద్దు రెండుసార్లు సచ్చినాడప్పా" అని క్షేమసమాచారం చెప్పేవారు.

యుద్ధానికి మా ఇంటి శాస్త్రాలన్నీ వర్తించేవి. మనవాళ్లు తలుపు తోసి లోపలికి పోబోతుండగా వంటింట్లో అత్త ఎండుమిరపకాయల తిరగమాత వేసి హాచ్చి అన్నారంటే దండయాత్ర ఆగిపోవాల్సిందే. మామ నలుగురినీ కూర్చోబెట్టేవారు. అలా మోకాళ్ల మీద కూర్చోబెట్టే మీట ఒకటి ఉంది. తర్వాత తను చెంబుడు నీళ్లు తాగి, "ఊ, ఇంక పదండి" అనేవారు. ఒకసారి నేను నవ్వాను. అంతలో ఆ తలుపు తెరుచుకుని కాపలావాళ్లు ముగ్గురు బయటికి వచ్చి, మావాళ్లను చూడకుండా పక్కకు తిరిగి పోయారు. మామ నా వైపు చూడను కూడా చూడలేదు. "ఇంకొంచెం తిరగమాత ఎయ్యే" అని వంటింటి వైపు కేకేశారు.

ఏడాది తిరిగేసరికి ఒక్క ఘట్టం తప్ప ఆట మొత్తం ముగించారు. ఆ ఆఖరిది మంచుకొండ మీద కోట. డోన్‌లో బయట నలభై మూడు డిగ్రీల ఎండ, తెర మీద మంచు. అత్త కొంగుతో మెడ తుడుచుకుంటూ, "యాడప్పా ఈ ఊరు? బస్సు ఉండాదా?" అనేవారు. ఆ కోటలోంచి ముగ్గురు బయటపడితే ఒకరు పోయేవారు. చాలాసార్లు ఆ ఒకడు కడపోడే. నిజానికి ఆటకు అంత పట్టింపు లేదు. ముగ్గురు చేరినా గెలిచినట్టే లెక్క, తెర మీద పెద్ద అక్షరాలతో విజయం అని చూపించేది.

మొదటిసారి అది చూసి నేను చప్పట్లు కొట్టాను. మామ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవురికప్పా విజయం?"

"మనకే మామా. ముగ్గురొచ్చారు కదా."

"ఇంజను వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్టు కాదు. ఆఖరి డబ్బా కనపడాల, దాని ఎనక ఉండే గుర్తు కనపడాల. అది సూసినంకనే బండి పూర్తిగా వచ్చిందని రాసుకుంటాం. మధ్యలో డబ్బాలు తెగి యాడన్నా నిలబడుకోనుంటే? ఎనకొచ్చే బండి దాన్ని గుద్దదా?"

ముప్ఫై అయిదేళ్లు ఆయన ప్రతి బండికీ కిటికీలోంచి తల బయట పెట్టి ఆఖరి డబ్బా చూశారు. ఇక ముగ్గురితో సరిపెట్టుకుంటారా? అదే కోటను మళ్లీ మొదటి నుంచి ఆడారు. నలుగురూ ఎక్కితేనే అయినట్టు. ఆయనకు బతుకులో ఇంకేం కావాలని ఎవరైనా అడిగి ఉంటే, అదొక్కటే చెప్పేవారని నాకు గట్టి నమ్మకం.

దానికి తోడు కరెంటు కోత. రోజూ చెప్పిన వేళకు పోతే అది కోత ఎలా అవుతుంది? నలుగురిలో ఇద్దరు హెలికాప్టర్ దాకా వచ్చేసరికి ఫ్యాను మెల్లగా ఆగిపోయేది. ఇంకొకరైతే కరెంటోళ్ల వంశాన్ని తిట్టేవారు. మామ విసనకర్ర అందుకుని, "ఆలస్యంగా వచ్చిన బండికి క్షమాపణ చెప్పుకోవచ్చు. గుద్దుకున్న బండికి ఎవురికని చెప్పుకుంటాం?" అనేవారు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి తలుపు దగ్గర మొదలు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పోయిన ఏడాది మామకు గుండెనొప్పి వచ్చి వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చాక మళ్లీ ఆ కోట ముందే కూర్చున్నారు. ఈ మనిషి గెలవకుండానే పోతారేమోనని నాకు భయం వేసింది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, గుండ్లు తగిలినా మనవాళ్లు చావకుండా ఉండే దొంగ మంత్రం ఒకటి టైప్ చేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఆ సాయంత్రం నలుగురూ హెలికాప్టర్ ఎక్కారు. మామ లేచి నిలబడి లుంగీ సర్దుకున్నారు. అత్త చేత ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయించారు. నెయ్యి వేసి నా ఆకులో ఆయనే వడ్డిస్తుంటే నేను తల ఎత్తకుండా తిన్నాను.

మర్నాడు పొద్దున ఆయన కాఫీ చల్లార్చుకుంటూ మెల్లగా అడిగారు. "నిన్న పెద్దోనికి మూడు గుండ్లు తగిలినాయి. అట్లే నడిసి పాయె. యట్ల?"

అబద్ధం చెప్పలేకపోయాను. అంతా విని ఆయన కాఫీ లోటా కింద పెట్టారు. "ఎర్ర సిగ్నల్‌కు పచ్చరంగు పూస్తివే అప్పా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం బస్సుకు బయలుదేరితే ఎప్పటిలాగే స్టాండు దాకా వచ్చారు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, "మళ్ల వచ్చేటప్పుడు ఉత్త చేతుల్తో రా. మందూ మంత్రమూ తేవద్దు" అని నవ్వారు. ఆ నవ్వుతో నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇల్లు చేరేసరికి ఫోన్, "మీ కడపోడు మళ్ల సచ్చినాడు" అని.

పోవడానికి రెండు రోజుల ముందు కూడా ఫోన్ చేశారు. గొంతులో పరుగు ఉంది. ఆటను మధ్యలో ఆపి మరీ చేశారట.

"ముగ్గురు ఎక్కినారప్పా. మీ కడపోడే రావాల. యాడుండాడో ఏమో, కనపడ్డంలే."

నిజానికి ఆ వారం మేం డోన్ వెళ్లాల్సింది. పరీక్షల పని పడి నేనే మానేశాను. "వస్తాడులే మామా, ఏ గడప కాడో ఇరుక్కునుంటాడు" అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వుల్లోనే, "థూ, కరెంటు పాయె" అన్నారు. నాతో మాట్లాడకుండా ఆడుకుని ఉంటే ఆ రోజే గెలిచేవారేమో. ఆయన 'రావాల' అన్నది ఆటలో వాడి గురించేనని మా ఆవిడ అంటుంది. నేనూ అవుననే అంటున్నాను.

కర్మలన్నీ అయ్యాక అత్తకు తోడుగా కొన్నాళ్లు అక్కడే ఉన్నాం. ఒక మధ్యాహ్నం అత్తే అన్నారు. "ఆ పెట్టె తెరువు నాయనా. ఆ పిల్లోళ్లు మంచులో నిలబడుకోనుంటారు. దించితేగాని నాకు అన్నం సయించేటట్టు లేదు."

వారం రోజులు ఆడాను. నేను మామను కాను, నాకు ఓపిక లేదు. రోజుకు ఇద్దరిని చంపేవాణ్ని. అత్త పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, "నిదానం నాయనా, మీ మామ ఆడ గోడకు ఆనుకోని పోతుండె" అని దారి చెప్పేవారు. ఇన్నేళ్లూ వంటింట్లోంచి ఆమె అంతా చూస్తూనే ఉన్నారన్నమాట.

ఎనిమిదో రోజు నాకు ఒక ఆలోచన వచ్చింది. మామ ఎప్పుడూ పెద్దోడి కళ్లతో ముందు నడిచి, వెనకవాళ్లను పిలిచేవారు. పిలిస్తే వచ్చే రకం కాదు కడపోడు. అందుకని ముగ్గురినీ ముందు పంపించి, మీట నొక్కి నేనే కడపోణ్నయ్యాను. వాడు ఇరుక్కునే ఆ గుమ్మంలోంచి నేనే బయటికి వచ్చాను.

ఎదురుగా తెల్లటి మైదానం. ముగ్గురు నడిచిపోయిన దారే అయినా ఎక్కడా ఒక్క అడుగు గుర్తు లేదు. చాలా దూరంలో హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి. అత్త పీట ముందుకు జరుపుకున్నారు. నేను మోకాళ్ల మీద వంగి, ఆగి, చూసి, మళ్లీ నడిచాను. ఒక్క గుండూ పేలలేదు. మంచు కురుస్తూనే ఉంది. దగ్గరికి వచ్చేకొద్దీ తెరిచిన తలుపూ, అందులో ముగ్గురు మనుషులూ కనిపించారు. ముగ్గురూ నా వైపే తిరిగి, ఎంతసేపైనా సరే అన్నట్టు నిలబడి ఉన్నారు.