మందుకు మార్కులు

జబ్బ మీద స్పిరిట్ దూది చల్లగా తగిలితే నాకు సుజాత డాక్టరమ్మ గుర్తుకొస్తుంది. మొన్న కరీంనగర్‌లో సూది వేయించుకుంటున్నప్పుడూ అంతే. ఆమె ఇప్పుడు లేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చిన్నపిల్లలకు కూడా కీళ్లవాతం వస్తుందంటే మా మెట్‌పల్లిలో ఎవరూ నమ్మలేదు. పొద్దున మోకాళ్లు బిగుసుకుపోతే బాపు నన్ను ఎత్తుకొని అరుగు మీద కూర్చోబెట్టేవాడు. ఉన్న మందులేవీ పనిచేయలేదు. పిల్లలకు ఎలా పనిచేస్తుందో చూడటానికి కొత్త మందొకటి పరీక్షిస్తున్నారని, చేరడం మా ఇష్టమేనని, ఎప్పుడైనా మానేయవచ్చని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అంతసేపు చెబితే మా అవ్వ చెవిన పడింది ఒక్క మాటే: పరీక్ష.

తిరుగు బస్సులో అవ్వ నన్ను ఒళ్లోకి లాక్కొని, "నొప్పున్నదంటే ఫెయిల్ చేస్తరు బిడ్డా. మందు బంద్ పెడ్తరు. మంచిగున్నదనే చెప్పు" అంది. ఆమెను తప్పుపట్టలేను. మిగిలిన ఆశ అదొక్కటే.

నేను బుద్ధిగా పాసవుతూ వచ్చాను. డాక్టరమ్మ మణికట్టు నొక్కి "నొస్తుందా?" అంటే, పళ్లు బిగబట్టి "లే మేడం" అనేదాన్ని. ఆమె ఉబ్బిన కీలునూ నా మొహాన్నీ మార్చి మార్చి చూసేది. ఒకరోజు చేతిలో చాక్లెట్ పెట్టింది. కాగితం విప్పడం నా వేళ్లకు చేతకాలేదు. పళ్లతో చింపబోయి ఏడ్చేశాను. వెనకే అవ్వ కూడా ఏడ్చింది.

"నేనే అబద్ధం చెప్పమన్న మేడం. పోరి ఫెయిలైతే మీరు మందియ్యరని."

డాక్టరమ్మ కోపం ఆసుపత్రంతా ఎరిగినదే. కానీ ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"పరీక్ష నీకు కాదు బిడ్డా, మందుకు. టీచరువు నువ్వు. జర గట్టిగ దిద్దు, దయ తలచకు. ఎన్ని మార్కులేస్తవు?"

"సున్నా" అన్నాను వెక్కుతూ.

"శభాష్! గా మందు పోతే పోనీ, ఇంకోటి చూద్దం. నిన్నయితే ఇడిచిపెట్ట."

నిజంగానే ఆ మందు నాకు పనిచేయలేదు. దాన్ని ఆపి వేరేది మొదలుపెట్టారు. అది మెల్లగా పట్టింది. మరుసటి ఎండాకాలానికి నా జడ నేనే వేసుకొని వెళితే డాక్టరమ్మ ఎంత మురిసిపోయిందో! నా సున్నా కూడా లెక్కలోకి వచ్చి, ఇంకెవరో పిల్లకు పనికొచ్చే ఉంటుందని ఇప్పటికీ గర్వపడతాను.

మొన్న కీళ్లవాతానికి సూది వేసిన నర్సు, "ఎట్లున్నదక్కా, మంచిగున్నదా?" అని అడిగింది. మంచిగున్నదనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మందుకింకా పాస్ మార్కులు రాలే చెల్లె. కుడి మణికట్టు నొస్తుంది, రాసుకో."