పదో అడ్మిషన్

బడి తెరుస్తారంటే పిల్లలకి గుండెల్లో రాయి పడుతుందని అందరికీ తెలుసు. పంతులమ్మలకి కూడా పడుతుందంటే ఎవరూ నమ్మరు. "మీకేంటండీ, రెండు నెలలు సెలవులు" అంటారు. ఆ మాట అన్నవాళ్లని మే నెల మిట్టమధ్యాహ్నం బందరు వీధుల్లో నాతోపాటు తిప్పాలనిపిస్తుంది. ప్రైవేటు బడిలో పంతులమ్మకి వేసవి సెలవులంటే కాన్వాసింగ్. యూనిఫారం చీర కట్టుకుని, చంకలో గొడుగు, చేతిలో రంగురంగుల కాగితాలు పెట్టుకుని, గడపగడపకీ వెళ్లి "మీ పిల్లల్ని మా బడిలో చేర్పించండి" అని అడగాలి. ఓట్లడిగేవాళ్లయినా ఐదేళ్లకొకసారి వస్తారు. మేం ఏటా వెళ్తాం.

నాది దివిసీమ. బీఈడీ అవగానే బందరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఉద్యోగం దొరికింది. ఆ ఆదివారం మా నాన్న చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు, దేవుడు మా అమ్మాయికి దారి చూపించాడని. దారి చూపించిన మాట నిజమే. తిరిగి బయటపడే దారి మాత్రం కరస్పాండెంట్ గారి బీరువాలో ఉండిపోయింది. చేరిన రోజున నా పదో తరగతి నుంచి బీఈడీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ "చూసి ఇస్తామమ్మా" అని తీసుకున్నారు. పదకొండేళ్లు చూశారు.

పెళ్లయి గుడివాడ కాపురానికి వెళ్లినప్పుడు మొదటిసారి అడిగాను. "విద్యా సంవత్సరం మధ్యలో ఎలా వెళ్తారమ్మా?" అన్నారు. ఏప్రిల్లో అడిగితే, "అడ్మిషన్లప్పుడు మీలాంటి సీనియర్లు లేకపోతే ఎలా?" అన్నారు. జూన్లో అడుగుదామంటే అప్పటికే కొత్త విద్యా సంవత్సరం మొదలైపోయేది. ఏడాదికి పన్నెండు నెలలున్నాయి గానీ, నేను మానెయ్యడానికి పనికొచ్చే నెల ఒక్కటీ లేదు. అలా కాపురం గుడివాడలో, ఉద్యోగం బందరులో. పొద్దున పాసింజరు, సాయంత్రం పాసింజరు. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన. ఏ స్టేషన్లో బండి ఎంతసేపు ఆగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

అన్నిటికన్నా నన్ను కాల్చుకుతిన్నది మా అమ్మాయి విషయం. అది బడికి వెళ్లడం మొదలుపెట్టి నాలుగేళ్లయినా, ఒక్క జూన్లో కూడా మొదటి రోజు నేను దింపలేదు. అదే రోజు నా బడీ తెరుస్తారు కదా. ఊళ్లో పిల్లలందరి ఏడుపూ నేను ఆపాలి, నా పిల్ల ఏడుపు మా అత్తగారు ఆపాలి. ఒకసారి జడ వేయించుకుంటూ అడిగింది, "అమ్మా, నువ్వు మా బడిలో టీచరువి ఎందుకు కాలేదు?" అని. తల కదపొద్దని కసిరాను. పాపం, అది తల కదపలేదు.

రెండేళ్ల కిందట వేసవి మొదట్లో, గుడివాడలో సరిగ్గా మా అమ్మాయి చదివే బడిలోనే తెలుగు టీచరు కావాలన్నారు. నేను వెళ్లి క్లాసు చెప్పి చూపించాను. వాళ్లకి నచ్చింది. "బడి తెరిచేలోగా ఒరిజినల్స్ తీసుకురండి మేడమ్. లేకపోతే ఇంకొకర్ని తీసుకుంటాం" అన్నారు. ఆ సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అది వీధి వీధంతా చాటేసింది.

మర్నాడు ధైర్యం చిక్కబట్టుకుని కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్లాను. కోప్పడతారనుకుని జవాబులన్నీ పాసింజరులో వల్లె వేసుకున్నాను. ఆయన కోప్పడలేదు, నవ్వారు.

"వెళ్లండి మేడమ్, మిమ్మల్ని ఎవరు ఆపారు? ఈ వేసవిలో పది అడ్మిషన్లు తెచ్చి మీ ఒరిజినల్స్ పట్టుకెళ్లండి. మాటంటే మాటే."

నా కాయితాలు నాకివ్వడానికి ఆయన బేరం పెడుతుంటే, నేను "థాంక్యూ సర్" అని వచ్చాను. బయటికొచ్చాక చాలా సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది, అది ఇంకా సిగ్గు.

పైగా ఆ ఏడు ఇంకో పని అంటగట్టారు. నా తెలుగు బాగుంటుందట. అందుకని వెళ్లిన ప్రతిచోటా తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, కొత్త విద్యా సంవత్సరానికి పిల్లల్ని మానసికంగా సిద్ధం చేయడం ఎలాగో ఐదు నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడాను. వారం ముందు నుంచే పెందలాడే పడుకోబెట్టండి, బడి పేరు చెప్పి భయపెట్టకండి, పుస్తకాలకి అట్టలు వాళ్ల చేతే వేయించండి, ఒకసారి తీసుకొచ్చి బడి చూపించండి. తల్లులు బుద్ధిగా తలలూపేవాళ్లు. చెప్పేది శ్రీరంగ నీతులని నా ఒక్కదానికే తెలుసు. జూన్ దగ్గరపడే కొద్దీ పాసింజరు కిటికీ ఊచలు చూస్తే ఊపిరాడేది కాదు. ఎదురుగా సీటు ఖాళీ ఉన్నా వెళ్లి తలుపు దగ్గర నిలబడేదాన్ని.

బందరు పేటలన్నీ అయిపోయాయి. బంటుమిల్లి వెళ్లాను. కృత్తివెన్ను దాకా వెళ్లి రొయ్యల చెరువు గట్ల మీద నిలబడి కూడా మాట్లాడాను. మేత చల్లుతున్న ఒకాయన, "మావాడి సంగతి తర్వాత చూద్దాం మేడమ్, ముందు ఈ రొయ్యల్ని బతకనివ్వండి" అన్నాడు. అలా చీవాట్లు తింటూ, మజ్జిగలు తాగుతూ మే మూడో వారానికల్లా తొమ్మిది మందిని చేర్పించాను. తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. వారం రోజులు ఒక్క పిల్ల కూడా దొరకలేదు.

ఆఖరికి ఆటో ఎక్కి మంగినపూడి వైపు పల్లెపాలెం ఒకదానికి వెళ్లాను. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డుకెక్కి ఉన్నాయి, మగవాళ్లు తాటాకు పందిరి కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఒక ఇంటి ముందు నాకంటే చిన్నావిడ ఎండు చేపలు తిరగేస్తోంది. బందరు వీధుల్లో చేపలమ్ముతుందట, మా బడి చూసిందట. కూతురు ఆ ఊరి బళ్లోనే రెండో తరగతి పూర్తిచేసింది. బాగా చదువుతుందట.

"పంపిద్దామనే ఉందండీ టీచర్ గారూ. పిల్లే ఎల్లనంటంది. కొత్త బడన్నామంటే చాలు, జొరం తెచ్చుకుంటది."

పిల్ల వలల గుట్ట వెనక ఉంది. ఒక కన్ను మాత్రం కనిపిస్తోంది. నేను ఉపన్యాసం మొదలుపెట్టలేదు. వెళ్లి ఆ గుట్టకి ఇవతల ఇసుకలో కూర్చున్నాను. కాసేపటికి అదే అడిగింది.

"ఏడిస్తే కొడతారా?"

"కొట్టరు."

"నువ్వు కొడతావా?"

"టీచర్ గారిని నువ్వంటావేందే?" అని తల్లి కేకేసింది.

"నేనూ కొట్టను" అన్నాను.

తర్వాత చేసిన పని నేను అనుకుని చేసింది కాదు. నిజంగా ఆ పిల్ల భయం పోగొట్టాలనే చేశాను, అది మాత్రం నమ్మండి. గొడుగు కొనతో ఇసుకలో రెండు గీతలు గీశాను. "ఇదిగో, ఇది మా బడి గేటు. మీ అమ్మ ఇక్కడిదాకా వస్తుంది. ఇక్కణ్ణించి నువ్వు ఒక్కదానివే లోపలికి రావాలి. వచ్చి చూపించు" అన్నాను.

పిల్ల లేచి గీత దాకా వచ్చి ఆగింది.

"లోపలెవరుంటారు?"

"నేనుంటాను" అన్నాను.

గీత దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చిన్న చెయ్యి, దానికి ఎండు చేపల పొట్టు అంటుకుని ఉంది. మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి వచ్చింది. మూడోసారి పరుగెత్తుకుంటూ వచ్చింది. పందిరి కింద మగవాళ్లు చేతిలో పని ఆపి నవ్వారు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఒక పిల్లని అంత బాగా సిద్ధం చేసింది అదొక్కసారే.

అప్పుడు తల్లి దగ్గరకొచ్చి అడిగింది. "మీరుంటారుగా టీచర్ గారూ? మీరున్నారనే పంపిస్తున్నానండీ."

నేనుండను, కానీ మంచి టీచర్లున్నారు అన్న మాట నోటిదాకా వచ్చింది. అంటే ఆమె పంపదు. పంపకపోతే తొమ్మిది దగ్గరే ఆగిపోతాను, జూన్లో మళ్లీ పాసింజరు ఎక్కుతాను, మా అమ్మాయి మళ్లీ అత్తగారి చెయ్యి పట్టుకుని వెళ్తుంది. ఇవన్నీ లెక్కేసుకోవడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఉంటానమ్మా" అన్నాను.

ఆమె నా ఫోన్ నంబరు రాయించుకుని, తన నంబరు నాకిచ్చి, వద్దంటున్నా వినకుండా ఎండు నెత్తళ్లు పేపర్లో పొట్లం కట్టి ఇచ్చింది. సాయంత్రం పాసింజరులో పక్కనున్నావిడ ముక్కు మూసుకుని దూరం జరిగింది. వంకాయ వేసి వండితే కూర బ్రహ్మాండంగా ఉందని ఇంట్లో అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. నేను పచ్చడేసుకుని తిన్నాను.

కరస్పాండెంట్ గారు అన్నమాట నిలబెట్టుకున్నారు. కవరు తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, బీఈడీ, అన్నీ ఉన్నాయి. ఎగిరి గంతెయ్యాల్సిన సమయంలో, ఆ పల్లెపాలెం పాపకి ఏ సెక్షన్ ఇచ్చారని అడిగాను. "అవన్నీ ఇంక మీకెందుకు మేడమ్?" అన్నారు.

బడి తెరవడానికి ఇంకా పది రోజులుంది. సర్టిఫికెట్లు నా చేతికొచ్చేశాయి, ఆ తల్లికి నిజం చెప్పేసినా కరస్పాండెంట్ గారు నన్ను చేయగలిగేదేమీ లేదు. రోజూ ఫోన్ తీసేదాన్ని. ఆమె నంబరు దాకా వెళ్లి పక్కన పెట్టేసేదాన్ని. పిల్ల వెనక్కి తగ్గుతుందేమోనని ఆగుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నాకు సిగ్గు, అంతే. ఆ పది రోజులూ మా అమ్మాయి నా వెనకాలే తిరుగుతూ, బడిలో నన్ను అమ్మా అనాలా, మేడమ్ అనాలా అని అడుగుతూనే ఉంది.

బడి తెరిచిన రోజు దాని చెయ్యి పట్టుకుని నడిచాను. దారిలో కనపడ్డ ప్రతి పిల్లకీ నన్ను చూపించింది. దాన్ని వరుసలో నిలబెట్టి ఆఫీసు గదిలోకి వెళ్తే, ప్రిన్సిపాల్ గారు కుర్చీ చూపించి, "ఒరిజినల్స్ ఇవ్వండి మేడమ్, చూసి ఇస్తాం" అన్నారు. కవరు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని తెరవకుండానే బీరువాలో పెట్టి తాళం వేశారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డానో, ఇంకో పెనం మీద పడ్డానో ఆలోచించే వ్యవధి లేదు, ప్రేయర్ బెల్లు కొట్టారు.

వరండాలోకి రాగానే ఫోన్ మోగింది.

"టీచర్ గారండీ, గేటు కాడే ఉన్నామండీ. అరగంటయింది. పిల్ల మీరు కనపడితే గానీ లోపలికి రానంటంది. గేటు ఊచ పట్టుకుని వదలట్లేదండీ. ఒక్కసారి బయటికి రండి."

వెనకాల మా పాత బడి వాచ్‌మన్ గొంతు వినిపిస్తోంది, గేటు వేసేస్తా జరగండమ్మా అని. ఇక్కడ మా అమ్మాయి వరుసలోంచి తల పక్కకి పెట్టి నన్నే చూస్తోంది. నేను గుడివాడలో ఉన్నానని చెబితే ఆ పిల్ల ఇంటికి వెళ్లిపోతుంది, ఇంక ఏ బడి గేటూ దాటదు. చెప్పకపోతే లోపలికి వెళ్లి నాకోసం గదులన్నీ వెతుక్కుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ నేను తవ్వినవే.

"ప్రేయర్‌లో ఉన్నానమ్మా, బయటికి రానివ్వరు" అన్నాను. "లోపలే ఉన్నానని చెప్పండి."

ఆమె ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చెప్పడం వినిపించింది. "లోపలే ఉన్నారంట. ఎల్లు, మా తల్లివి కదూ." తర్వాత గేటు వేసిన చప్పుడైంది.

"ఎల్లిందండీ!" అంది, గొంతు నిండా సంతోషంతో. "ఏడవకుండా ఎల్లిందండీ టీచర్ గారూ. పరిగెత్తుకుంటా ఎల్లింది. మీరంటే అంత గురి దానికి. కాస్త చూస్కోండి, ఏం?"

"చూసుకుంటానమ్మా" అన్నాను.