బోరింగు దగ్గర రెండో మనిషి

నా చిన్నప్పుడు మా బడి బోరింగు దగ్గర ఒక్కరే నీళ్ళు తాగడం కుదిరేది కాదు. ఒకరు పిడి కొడుతుంటే ఇంకొకరు గొట్టం కింద దోసిలి పట్టాలి. నాకు కొట్టిపెట్టేవాళ్ళు లేరు. నేనే గబగబా కొట్టి ఇటు పరుగెత్తుకొచ్చేసరికి ధార సన్నబడి ఆగిపోయేది. ఆ తడినే పెదవులకు రాసుకుని తరగతికి వెళ్ళేదాన్ని.

మేము కోస్తా వైపు నుంచి దమ్మపేట దగ్గరికి పొగాకు సాగుకు వచ్చిన కొత్త అది. ఐదో తరగతిలో ఏడాది మధ్యలో చేరాను. నా మాటలో ప్రతిదానికీ వచ్చే 'అండీ' అక్కడి పిల్లలకు పెద్ద వేడుక. కొన్నాళ్ళకు లెక్కల్లో మొదటి స్థానం నాకు రావడంతో ఆ వెక్కిరింత కూడా కరువైంది. నాతో మాట్లాడటమే మానేశారు. అంతవరకూ ఆ స్థానం అడవి అంచు గూడెం నుంచి నడిచొచ్చే ఒక అమ్మాయిది. నన్ను చూడగానే పలకను మోచేత్తో కప్పుకునేది. నేనూ అంతే. ఒంటరితనం ఎలా ఉంటుందంటే, వెక్కిరించినా బాగుండునని అనిపిస్తుంది.

మా లెక్కల సారు ఒకరోజు వరండాలోంచి నా పరుగు చూశారు. అయినా వచ్చి పిడి కొట్టలేదు. నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

మర్నాడు ఎండ మండిపోతోంది. సారు బోర్డు మీద పెద్ద భాగహారం వేసి, "ముందు జేసినోళ్ళు బెల్లు కాకముందే పోయి నీళ్ళు తాగుండ్రి" అన్నారు.

అందరికంటే ముందు నేనే పలక చూపించి బయటికి పరుగెత్తాను. తీరా బోరింగు దగ్గరికి వెళ్ళాక గానీ నా తెలివి నాకు తెలియలేదు. కొట్టేవాళ్ళేరీ? చేతికందింది నోటికందలేదు. ఎండలో నిలబడి తలుపు వైపు చూడసాగాను. ఎవరైనా రావాలి. వస్తే ఆ అమ్మాయే రావాలి, లెక్క చేయగలిగేది ఆమే. నిన్నటిదాకా ఆమె లెక్క తప్పాలని మొక్కుకున్నదాన్ని, ఇప్పుడు ఒప్పు కావాలని మొక్కుకున్నాను.

ఆగలేక కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆమె పలకను మోచేత్తో కప్పుకోవడం మరిచిపోయి, తల పట్టుకుని కూర్చుంది.

"సున్న దించలేదు నువ్వు," అన్నాను మెల్లగా. జవాబు మాత్రం చెప్పలేదు.

సారు విన్నారు. విని, బోర్డు వైపు తిరిగి తుడిచిందే తుడుస్తూ నిలబడ్డారు.

కాసేపటికి ఆ అమ్మాయి వచ్చింది. నా ముఖం చూడకుండా పిడి అందుకుంది. "జల్దీ తాగు, మళ్ళ నాక్కొట్టాలె" అంది. కడుపునిండా తాగాను. గొంతు తడిసినందుకో, ఆ మాటకో తెలియదు, ఏడుపొచ్చింది.

ఆమెకు కొట్టిపెట్టి లోపలికి వెళ్తుంటే సారు నాకొక్కదానికే వినబడేలా, "పందెం పందెమే, దాహం దాహమే" అన్నారు.

పందెం మాత్రం ఆగలేదు. మరుసటి రోజు ఆమె గెలిచి, పిడి పట్టుకుని నా కోసం కాచుకుంది. నేను చిక్కుపడితే కిటికీలోంచి ఒక్క మాట అందించేది. మిగతా పిల్లలతోనూ మెల్లగా మాటలు కలిశాయి.

ఐదో తరగతి అయ్యాక ఆమె చదువు మాన్పించారు. ఆరులో ఏడాది పొడుగునా మొదటి స్థానం నాదే. బోరింగు కొట్టిపెట్టేవాళ్ళు అప్పుడు చాలామంది ఉన్నారు. అయినా లెక్క అయిపోగానే వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఆమె కూర్చునే చోట ఎవరూ ఉండేవారు కాదు.

ఆ చూపు నన్ను వదల్లేదు. ఏ పని ముందుగా పూర్తయినా, వెనక ఎవరు చిక్కుపడి ఉన్నారోనని చూస్తాను. ఇప్పుడు ఇంట్లో కుళాయి తిప్పితే చాలు, నీళ్ళకు రెండో మనిషితో పనిలేదు. అయినా దోసిలి పట్టినప్పుడల్లా, అవతల ఎవరో నా వంతు కోసం కొడుతున్నట్టే ఉంటుంది. గబగబా తాగేస్తాను, ఆమెకు మళ్ళీ నేను కొట్టాలి కదా.