ఉత్త తిరగలి

సువార్తమ్మకు కుదురుండదు. కూర్చుంటే కాలు ఆడుతుంది, నిలబడితే కొంగు మెలిపడుతుంది. మాచర్ల దగ్గరి ఆ పల్లెలో ఆడవాళ్ళు వంటకు ముందు చర్చి పేర గుప్పెడు జొన్నలు తీసి పక్కన పెడతారు. వాటిని పోగుచేసి లేనివాళ్ళకు పంచే పని ఆమెది. జర్మనీ యుద్ధం రోజులు, డబ్బు పెట్టినా గింజ దొరకడం లేదు. "అడిగినోళ్ళకు పెట్టు, చాల్లే," అంటాడు సంఘ పెద్ద దానయ్య. అడగలేనివాళ్ళ మాటేమిటని ఆమె బాధ. అందుకే కోడి కూయగానే వీధిలో పడి, ప్రతి గుమ్మం దగ్గరా చెవి ఒగ్గుతుంది. తిరగలి మోగని ఇంటికి ఆ పూట జొన్నలు చేరతాయి.

మొగుడు పోయిన జ్ఞానమ్మ ఇంట్లో తిరగలి రోజూ మోగేది. సువార్తమ్మ నిశ్చింతగా ఆ గుమ్మం దాటిపోయేది. ఆవేళ మాత్రం ఆ మోత రాయి మీద రాయి గీసినట్టు గరగరలాడింది. తలుపు తోసి చూస్తే తిరగలి చుట్టూ చిటికెడు పిండి లేదు. "ఉత్త రాయి తిప్పుతున్నావేందే?" "చుట్టుపక్కలోళ్ళు ఇంటారు గదక్కా," అంది జ్ఞానమ్మ, తలెత్తకుండా, చెయ్యి ఆపకుండా. సువార్తమ్మ ఒక్క ఉరుకున పోయి గంపెడు జొన్నలు తెచ్చి దించింది. "మా తిరగలి పిడి ఊడి చచ్చిందే. ఇయ్యి కాస్త ఇసిరిపెట్టు. సగం నీ కూలి. ఎల్లుండి మళ్ళీ తెస్తా." జ్ఞానమ్మ తలూపి గంప దగ్గరికి లాక్కుంది. సువార్తమ్మ ఇంటికి పోయి, గట్టిగా బిగిసి ఉన్న తన తిరగలి పిడిని రెండు చేతులా పట్టుకుని ఊడబెరికింది.